గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

1962 సెప్టెంబరు 4. జకార్తా నగరం. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల ఫైనల్ ఆడడానికి బస్సులో స్టేడియానికి వెళుతోంది. బస్సు మీద మన జెండా లేదు. ఆటగాళ్లు సీట్లలో కూర్చోలేదు. కిటికీల్లోంచి ఎవరికీ కనబడకుండా కింద, కాళ్లు పెట్టుకునేచోట, ఒదిగి కూర్చున్నారు. ఆ జట్టువారు తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది.

ఎందుకంత భయం? ఇండొనేషియా ప్రభుత్వం ఆ క్రీడలకు తైవాన్, ఇజ్రాయెల్ ఆటగాళ్లను రానివ్వలేదు. ఆసియా క్రీడల వ్యవస్థాపకుల్లో ఒకరైన మన జి.డి. సోంధీ దానికి అభ్యంతరం చెప్పాడు. ఇలా కొన్ని దేశాలను వదిలేసి ఆడించేవాటిని ఆసియా క్రీడలని పిలవకూడదన్నాడు. దాంతో జకార్తాలో కోపం భగ్గుమంది. ఫైనల్‌కు ముందురోజు అల్లరిమూక మన రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. సోంధీ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ మరునాడే లక్షమంది పట్టే సెనయాన్ స్టేడియంలో దక్షిణ కొరియాతో మన పోటీ. జనగణమన వినిపిస్తుంటే గ్యాలరీలు గేలిచేశాయి. ఆట సాగినంతసేపూ బంతి మనవాళ్ల కాలికి తగిలితే చాలు, ఈలలు, అరుపులు. ఆ హోరులో మన పక్షాన చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువారట! పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. మనం 2-1తో గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణపతకం మళ్లీ రాలేదు.

ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో ఎడమవైపు ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు వాడు. యూసుఫ్ ఖాన్‌ది కూడా హైదరాబాదే. రహీం ఆ మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో చనిపోయాడు. బలరాం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టులో చేరి, ఊపిరితిత్తుల జబ్బు వల్ల పాతికేళ్లు దాటీ దాటకముందే ఆట మానేశాడు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అన్నాను కదా. ఈ వ్యాసం రాస్తున్నది బిలాస్‌పూర్‌లోని మంగ్లా నుంచి. ఆ రైల్వే వేసిన ఊళ్లలో ఇదొకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలకు ‘బీయెన్నార్’ అనేది సొంత ఇంటిపేరు లాంటిది. కంపెనీ పోయింది, పేరు మారింది, 2003లో బిలాస్‌పూర్ తనే ఒక రైల్వే జోనుకు కేంద్రమయింది. అయినా మా పెద్దవాళ్లు ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే ముందు బీయెన్నార్ జట్టుతోనే మొదలుపెడతారు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. సెనయాన్‌లో ఆ రోజు అంత విద్వేషం ఉంది. ముందురోజు దాడులు కూడా జరిగాయి. అయినా ఆ మ్యాచ్‌లో మారణకాండ జరగలేదు. మరి ఎలాంటి మ్యాచ్‌లలో జనం వందలకొద్దీ చచ్చిపోయారు?

లిమాలో ఏం జరిగింది?

1964 మే 24. పెరూ రాజధాని లిమా. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత కోసం పెరూ, అర్జెంటీనా ఆడుతున్నాయి. నేషనల్ స్టేడియం కిక్కిరిసి ఉంది. అర్జెంటీనా ఒక గోలు ముందుంది. ఆట కొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా పెరూ గోలు కొట్టింది. రిఫరీ అది చెల్లదన్నాడు. ఒక ప్రేక్షకుడు మైదానంలోకి దూకాడు. అతని వెనకే మరొకడు. రెండోవాణ్ణి పోలీసులు కుక్కలను వదిలి, కొట్టి, ఈడ్చుకుపోతుంటే గ్యాలరీలన్నీ చూశాయి. అప్పటిదాకా కోపం రిఫరీ మీద. ఆ క్షణం నుంచి పోలీసుల మీద. చేతికందినవి విసరడం మొదలయింది. పోలీసులు గ్యాలరీల్లోకి బాష్పవాయువు వదిలారు.

కళ్లు మండుతున్న జనం బయటికి దారితీసే మెట్ల సొరంగాల్లోకి పరుగెత్తారు. మెట్ల కింద, వీధిలోకి తెరుచుకోవలసినచోట, ఇనుప తలుపులు మూసి ఉన్నాయి. ముందున్నవాడు తలుపు దగ్గర ఆగిపోయాడు. పైనున్నవాడికి ఆ సంగతి తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే, వెనక పొగ ఉంది. అధికార లెక్క ప్రకారం 328 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆ మెట్లమీదే ఊపిరాడక పోయారు. వాయుప్రయోగానికి ఆజ్ఞ ఇచ్చిన అధికారికి తరువాత 30 నెలల జైలుశిక్ష పడింది.

సరిగ్గా మూడు రోజుల తరువాత, ఇజ్రాయెల్‌లో జరుగుతున్న ఆసియా కప్‌లో బీయెన్నార్ ఆటగాడు అప్పలరాజు దక్షిణ కొరియా మీద ఆట మొదలైన రెండో నిమిషంలోనే గోలు కొట్టాడు. అదే రోజు నెహ్రూ కన్నుమూశాడు. లిమా వార్త మన పత్రికల్లో ఎంతమంది కంటపడి ఉంటుంది?

నిలబడే ఎలా చనిపోతారు?

‘తొక్కిసలాట’ అన్న మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కిందపడితే మిగిలినవాళ్లు తొక్కేశారు అనుకుంటాం. కొందరి విషయంలో అది నిజమే. కాని ఇలాంటి దుర్ఘటనల్లో చాలామంది పోయేది ఒత్తిడివల్ల, అదీ తరచు నిలబడి ఉండగానే. ఊపిరి పీల్చాలంటే ఛాతీ ముందుకు కదలాలి. కదలడానికి చోటు లేకపోతే కొద్ది నిమిషాల్లో మెదడుకు ప్రాణవాయువు అందదు. జనం ఒత్తిడికి ఇనుప కమ్ములు వంగిపోయిన సందర్భాలున్నాయి. వాటిని పరీక్షించి లెక్కకట్టగా ఆ బలం 4,500 న్యూటన్ల పైమాటే అని తేలింది. అంటే దాదాపు 450 కిలోల బరువు ఛాతీమీద పెట్టినట్టు.

మీ గదిలో సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చతురస్రం గీయండి. అందులో ఇద్దరు నిలబడితే హాయిగా నడవవచ్చు. నలుగురయితే ఒకరినొకరు తగులుతారు, నడక నెమ్మదిస్తుంది. ఆరేడుగురు చేరితే ఇక మనుషుల ప్రవర్తన గురించి మాట్లాడవలసిన పని లేదు, ద్రవాల ప్రవర్తన గురించి మాట్లాడాలి. జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు నొక్కిచెప్పిన విషయం ఇదే. ఆ సాంద్రతలో జనం ఒక్క ముద్ద అవుతుంది. దానిలో అలలు పుడతాయి. మనిషి కాలు నేలకు ఆనకుండానే కొన్ని మీటర్లు కొట్టుకుపోతాడు. మంచివాడా చెడ్డవాడా, తాగి ఉన్నాడా లేదా అన్న ప్రశ్నలకు అక్కడ అర్థం లేదు.

బయటికి పోయే దారికి కూడా లెక్క ఉంది. బ్రిటన్‌లో 1973 నుంచి వెలువడుతున్న స్టేడియం భద్రతా మార్గదర్శిని ప్రకారం, చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది దాటగలరు. మెట్లమీద అయితే 66 మందే. అపాయం వచ్చినప్పుడు జనం ఎక్కువలో ఎక్కువ 8 నిమిషాల్లో బయటపడాలని అదే పుస్తకం చెబుతుంది. ఇప్పుడు 5,000 మంది ఉన్న గ్యాలరీకి రెండు మీటర్ల మెట్లదారి ఒక్కటే ఉందనుకోండి. నిమిషానికి 132 మంది చొప్పున 38 నిమిషాలు! పైగా ఇది అందరూ నెమ్మదిగా, వరసగా దిగితే వచ్చే లెక్క. తొందరపడితే ఇంకా ఆలస్యమవుతుంది. బియ్యం గరాటులో అడ్డుపడినట్టు ద్వారం దగ్గర మనుషులు ఒకరికొకరు అడ్డుపడిపోతారు. డిర్క్ హెల్బింగ్, అతని సహచరులు 2000లో ‘నేచర్’ పత్రికలో దీన్ని గణితంతో చూపించారు. నమ్మకం లేకపోతే బిలాస్‌పూర్ స్టేషన్‌లో రెండు రైళ్లు ఒకేసారి వచ్చినప్పుడు ఓవర్ బ్రిడ్జి మెట్ల దగ్గర నిలబడి చూడండి. పైనుంచి కాదు, పక్కనుంచి.

ఈ మాత్రం భౌతికశాస్త్రం తెలిస్తే లిమా పోలీసు అధికారి చేసిన తప్పేమిటో స్పష్టంగా కనబడుతుంది. అతని ముందు రెండు వేరువేరు సమస్యలున్నాయి. ఒకటి, కొంతమంది కోపం. రెండు, వేలమంది ఊపిరి. మొదటిదాన్ని అణచబోయి రెండోదాన్ని మరిచిపోయాడు. అతనొక్కడేనా? ఫుట్‌బాల్ మైదానాల చరిత్రలో ఈ రెంటినీ కలిపేసి చూడడం పదేపదే జరిగింది.

కంచెలు

అసలు కోపమే లేని మరణాలూ ఉన్నాయి. 1902లో గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడుతుండగా చెక్క గ్యాలరీ విరిగి 25 మంది పోయారు. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అది వడ్రంగం, ఇంజనీరింగు సమస్య.

కోపం నిజంగానే మొదటి కారణమైన ఘటన 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో జరిగింది. యూరోపియన్ కప్ ఫైనల్. లివర్‌పూల్ అభిమానుల పక్కనే ‘తటస్థులకు’ అని ఒక భాగం కేటాయించారు. ఆ టిక్కెట్లు చివరికి ఇటలీ జట్టు యువెంటస్ అభిమానుల చేతికి వెళ్లాయి. మధ్యలో ఉన్నది పలచటి కంచె. ఆట మొదలుకాకముందే లివర్‌పూల్ వైపువారు కంచె దాటి మీదపడ్డారు. అవతలివారు వెనక్కు, ఇంకా వెనక్కు జరిగారు. చివర ఉన్న పాతగోడ కూలిపోయింది. 39 మంది చనిపోయారు. అంతా అయ్యాక మ్యాచ్ ఆడించారు కూడా! దాడి చేసిన 14 మంది అభిమానులకు శిక్ష పడింది. ఒక పోలీసు అధికారిని, ఫుట్‌బాల్ సంఘం అధికారినీ కూడా కోర్టు దోషులన్నది. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేళ్లపాటు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. మూడు నెలలు తిరక్కుండా యూరప్ దేశాలు ప్రేక్షకుల హింస గురించి ఒక ఒడంబడిక రాసుకున్నాయి. ఇరుజట్ల అభిమానులను విడదీయాలి, టిక్కెట్ల అమ్మకం అదుపులో ఉండాలి, మద్యం కట్టడి చేయాలి, అల్లరి చేసేవారి సమాచారం దేశాలు ఒకరికొకరు ఇచ్చుకోవాలి అన్నాయి. మంచి మాటలే.

కాని ఆ రోజుల ధోరణి ఏమిటంటే, ప్రేక్షకుడంటే అనుమానితుడు. ఇంగ్లండ్‌లో చాలా మైదానాల్లో నిలబడి చూసే గ్యాలరీల ముందు ఎత్తైన ఇనుప కంచెలు కట్టారు. ఆటస్థలంలోకి దూకకుండా అన్నమాట. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఆ కంచె ఏం చేసిందో లోకం చూసింది. అది అంతర్జాతీయ పోటీ కాదు, దేశవాళీ కప్ సెమీఫైనల్. అయినా తరువాత అంతర్జాతీయ పోటీల నియమాలన్నీ దాని నీడలోనే తయారయ్యాయి. ప్రవేశద్వారాల దగ్గర రద్దీ ఎక్కువైందని పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. అప్పటికే నిండిపోయిన మధ్యభాగానికి దారితీసే సొరంగాన్ని మాత్రం మూయించలేదు. పక్కభాగాల్లో చోటుంది. అటు వెళ్లమని చెప్పేవాడు లేడు. కంచెకు నొక్కుకుపోతున్న మనుషులు పైకెక్కబోతే, మైదానంలోకి దూకుతున్నారనుకుని తిప్పి పంపారు. 97 మంది ప్రాణాలు పోయాయి. వారిలో చివరి వ్యక్తి నాటి గాయాల కారణంగానే 2021లో చనిపోయాడు.

తాగినవాళ్లు గేటు విరగ్గొట్టారని మొదట ప్రచారం చేశారు. అది అబద్ధం. న్యాయమూర్తి టేలర్ నివేదిక ప్రధాన కారణం పోలీసు నియంత్రణ వైఫల్యమని చెప్పింది. కంచెల ఎత్తుకు పరిమితి ఉండాలనీ, పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లుండాలనీ సిఫారసు చేసింది. ఆ మృతుల్లో ఎవరిదీ తప్పు కాదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. ఇరవై ఏడేళ్లు! ‘అల్లరిమూక’ అన్న ముద్ర ఎంత గట్టిదో దీన్నిబట్టి ఊహించుకోండి.

గుంపుకు బుర్ర ఉంటుందా?

ఆ ముద్ర వెనక ఒక పాత పుస్తకం ఉంది. 1895లో గుస్తావ్ లెబాన్ అనే ఫ్రెంచి రచయిత, గుంపులో చేరిన మనిషి తెలివి కోల్పోతాడని, నాగరికత మెట్లు దిగిపోతాడని రాశాడు. ఈ అభిప్రాయం మీకూ నాకూ కూడా సహజంగానే తోస్తుంది. పోలీసు శిక్షణలో చాలాకాలం ఇదే వేదం.

1980లో బ్రిస్టల్ నగరంలోని సెయింట్ పాల్స్‌లో జరిగిన అల్లర్లను స్టీఫెన్ రైకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. ఆ గుంపు కనబడిందల్లా పగలగొట్టలేదు. ఎవరిమీద దాడిచేయాలో, ఎవరిని వదిలేయాలో దానికొక విచక్షణ ఉందని అతను చూపించాడు. క్లిఫర్డ్ స్టాట్ ఆ పరిశీలనను ఫుట్‌బాల్‌కు తెచ్చాడు. ఒకే మైదానంలో నూటికి తొంభైమంది ఆట చూడడానికే వస్తారు. పోలీసులు అందరినీ ఒకే కట్టగా చూసి లాఠీ ఎత్తితే, అప్పటిదాకా పరాయివాళ్లుగా ఉన్న ఆ తొంభైమందీ మిగిలిన పదిమంది పక్కన చేరతారు. లిమాలో రెండో ప్రేక్షకుణ్ణి కొట్టినప్పుడు జరిగింది ఇదే కదా.

దీన్ని నిజంగా పరీక్షించే అవకాశం 2004లో వచ్చింది. అంతకు ముందు 1998 ప్రపంచకప్‌లో మార్సేయ్‌లోను, 2000 యూరోకప్‌లో బ్రస్సెల్స్, షార్లరువాలలోను ఇంగ్లండ్ అభిమానులు పెద్ద గొడవలు చేశారు. మరొకసారి జరిగితే జట్టునే పంపించేస్తామని యూరప్ సంఘం హెచ్చరించింది. 2004 యూరోకప్‌కు పోర్చుగల్ పోలీసులు శాస్త్రజ్ఞుల సలహా తీసుకున్నారు. వీధుల్లో మామూలు యూనిఫారంలో జంటలు జంటలుగా పోలీసులు తిరిగారు. అభిమానులతో మాట్లాడారు, దారి చూపించారు, ఫోటోలకు నిలబడ్డారు. హెల్మెట్లు, డాళ్ల దళం ఉంది. కాని సందుల్లో, కంటికి కనబడకుండా ఉంది. గొడవపెట్టేవాణ్ణి గుర్తిస్తే అతనొక్కణ్ణే పక్కకు తీసుకుపోయేవారు. ఆ పద్ధతి పాటించిన నగరాల్లో ఇంగ్లండ్ అభిమానులతో పెద్ద అల్లరి జరగలేదు. ఆ పద్ధతి లేని మరో దళం కింద ఉన్న అల్బుఫైరా అనే సముద్రతీరపు ఊళ్లో మాత్రం గొడవలయ్యాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచకూడదు. ఆ టోర్నీకి ముందు బ్రిటన్ ప్రభుత్వం పాత నేరచరిత్ర ఉన్న రెండు వేలమందికి పైగా అభిమానులను దేశం దాటకుండా ఆపింది. కాబట్టి ఘనతంతా చిరునవ్వులదే అనలేం. కాని అల్బుఫైరాకు వెళ్లినవారూ ఆ వడపోతలోంచి వచ్చినవారే కదా. నా మట్టుకు నాకు ఆ తేడా చాలు. 2016లో యూరప్ దేశాలు పాత ఒడంబడిక స్థానంలో కొత్తది రాసుకున్నాయి. అందులో భద్రత, శాంతిరక్షణలతోపాటు ప్రేక్షకుడికి చేయవలసిన ‘సేవ’ అనే మాట కూడా చేరింది.

మన దేశం

మన దేశంలో ఈ చరిత్ర ఎక్కువగా కలకత్తాది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగ్ మ్యాచ్. రెండు పక్షాలవారు ఒకే గ్యాలరీలో కలిసి కూర్చున్నారు. మైదానంలో ఆటగాళ్ల ఘర్షణ గ్యాలరీకి పాకింది. 16 మంది చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజున అక్కడ ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానం చేస్తారు.

హైదరాబాదు కథ వేరు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. శిక్షకుడు ఆ రహీం సాబే. గోలు కొట్టేవాడూ పోలీసే, బయట గేటు దగ్గర నిలబడ్డవాడూ పోలీసే అన్నమాట! దీనివల్ల గొడవలు తగ్గాయని నేను చెప్పబోవడం లేదు. కాని పోలీసు అంటే జనం ఎగబడి చూడవచ్చే ఆటగాడు కూడా అయిన నగరం ఒకటి మనకు ఉండేది.

2025 డిసెంబరు 13న విచిత్రమైన ప్రయోగం ఒకటి తనంతట తానే జరిగింది. అర్జెంటీనా ఆటగాడు మెస్సీ ఆ రోజు కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియానికి వచ్చాడు. చుట్టూ ప్రముఖులు మూగడంతో, డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవారికి అతను సరిగా కనబడనేలేదు. అనుకున్నదానికంటే ముందే వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి, జనం మైదానంలోకి చొరబడ్డారు. అదే సాయంత్రం హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో అతను మైదానంలో తిరిగాడు, బంతులు తన్నాడు, అందరికీ కనబడ్డాడు. కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. కలకత్తావారు రౌడీలు, హైదరాబాదువారు సాధువులు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మళ్లీ ఇండొనేషియాకు రండి. 2022 అక్టోబరు 1, మలాంగ్ పట్టణంలోని కంజురుహాన్ స్టేడియం. సొంత జట్టు అరేమా 2-3తో ఓడింది. గొడవలవుతాయని అవతలి జట్టు అభిమానులను అసలు రానివ్వలేదు. కాబట్టి కొట్టుకోవడానికి శత్రువే లేడు. ఆట అయ్యాక కొందరు మైదానంలోకి దిగారు. పోలీసులు గ్యాలరీల వైపు బాష్పవాయువు పేల్చారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం నియమాలు స్టేడియం లోపల ఆ వాయువును నిషేధించాయి. 2001లో ఘానా రాజధాని అక్రాలో 126 మంది ఇలాగే పోయారు. అయినా పేల్చారు. జనం ఇరుకైన ద్వారాల వైపు పరుగెత్తారు. 135 మంది చనిపోయారు. అరవై ఏళ్ల కిందట రాయబార కార్యాలయం మీద దాడి జరిగిన మరునాడు, లక్షమంది పగతో ఊగిపోతున్న స్టేడియం నుంచి మన బలరాం, యూసుఫ్ ఖాన్, రహీం సాబు ప్రాణాలతో బయటికి వచ్చిన దేశం అదే.

కిందటి చలికాలంలో మా దగ్గర ఒక స్థానిక టోర్నమెంటు ఫైనల్‌కు మా మనవణ్ణి తీసుకువెళ్లాను. నాలుగువేలమంది ఉంటారు. ప్రహరీకి ఒకటే గేటు, రెండు రెక్కలది. టిక్కెట్లు చూడడానికి వీలుగా ఒక రెక్కను గొలుసుతో కట్టి తాళం వేశారు. తెరిచి ఉన్న రెక్కను అడుగులతో కొలిచాను, ఐదడుగులు. అంటే మీటరున్నర. నిమిషానికి 123 మంది, మొత్తం 32 నిమిషాలు. రెండో రెక్క కూడా తీస్తే 16. ఆట చివరి పది నిమిషాలు మిగిలాయనగా గేటు దగ్గరి కుర్రవాళ్లను అడిగాను, బాబూ, ఈ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని.

“అన్నయ్య దగ్గరుంది తాతగారూ. లోపల మ్యాచ్ చూస్తున్నాడు” అన్నారు.